శాంతివీధి దాకా

ఈ ఊళ్ళో గాలికి పేరుంది. బోరా.
పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తుందని కాబోలు
ఎవరూ గట్టిగా అనరు.
మలుపుల దగ్గర గోడకి ఇనప కడియాలు.
ఒకప్పుడు వాటికి తాళ్ళు కట్టేవారట,
ముసలివాళ్ళు పట్టుకుని వీధి దాటడానికి.
ఇవాళ ఆకు కదలడం లేదు.
అయినా ఒండీనా వెళ్తూ వెళ్తూ
ఒక కడియాన్ని తాకింది,
గుడి ముందునించి పోతూ చెంపలు వేసుకున్నట్టు.

పొద్దున్న ఏడింటికి రేవులో మొదలుపెట్టాం.
త్రియెస్తే సముద్రంలోకి చాచిన రాతి దారి,
కమ్మీల్లేవు, కంచె లేదు,
తిన్నగా పోయి ఒకచోట ఆగిపోతుంది
చెప్పాల్సింది మర్చిపోయిన మనిషిలా.
చివర కంచు పలక మీద దిక్కులన్నీ చెక్కారు.
ఎవరో కుర్రాడు ఈశాన్యం మీద కాఫీ కప్పు పెట్టి
జోడు లేసులు కట్టుకుంటున్నాడు.
బోరా వచ్చేది ఆ మూలనించే.

వెనక్కి తిరిగితే ఊరంతా ఒకే వరసలో,
పెళ్ళి ఫొటోకి నిలబెట్టినట్టు.
వియన్నా చక్రవర్తులకి సముద్రం కావాల్సొచ్చిన రోజుల్లో
ఓడల కంపెనీలు, బీమా కంపెనీలు
పోటీపడి కట్టిన మేడలు.
ద్వారం ద్వారానికీ పైన ఒక రాతి మొహం:
బుగ్గలు పూరించినవాడు, మీసం తిప్పినవాడు,
ముక్కు ఊడినా నవ్వు మానని ఆవిడ.
నేను మెడ నొప్పెట్టేదాకా చూస్తున్నాను.
ఒండీనా చూడదు.
ముప్పైనాలుగేళ్ళు ఈ వీధుల్లో ఉత్తరాలు పంచింది.
"ఇది తొంభైరెండు మెట్లు. లిఫ్టు లేదు.
అది నూటపది. కుక్క ఉండేది.
నువ్వు కళ్ళతో చూస్తున్నావు,
నేను మోకాళ్ళతో చూశాను."

కాలవ ఒడ్డున సెర్బుల గుడి, నీలం గుమ్మటాలు.
అక్కడ నిలబడి గాజుగ్లాసులో రెండు గుటకల కాఫీ.
తర్వాత ఎత్తు, మళ్ళీ ఎత్తు,
పదో నంబరు బస్సు మమ్మల్ని దాటిపోయింది,
ఆవిడ చెయ్యెత్తలేదు.
చేతిలో ఒక బకెట్, అందులో కుంచె,
నల్లరంగు బుడ్డి, నీళ్ళ సీసా.

వీధి పేరు శాంతి.
ఒక పక్కంతా గోడలు.
కాథలిక్కుల గేటు, యూదుల గేటు,
గ్రీకుల గేటు, సెర్బుల గేటు,
బతికుండగా ఒకే రేవులో బేరాలాడినవాళ్ళే.
బల్లి ఒకటి ఈ గోడ ఎక్కి అటు దిగింది.

ఆవిడవాళ్ళ రాయి చిన్నది.
పైన నానమ్మ: దరింకా వోదోపివెత్స్, పంతొమ్మిదొందల ఇరవైఏడు.
కింద తాత: యోసిప్ కాదు, జుసెప్పే.
బెవిలాక్వా, ముప్పైఎనిమిది.
ఒకే రాతి కింద మొగుడూ పెళ్ళాం,
తెలీనివాళ్ళు చదివితే
చోటు చాలక పక్కపక్కన పెట్టిన పరాయివాళ్ళు.

నల్లచొక్కాల కాలంలో స్లొవేనియా పేర్లు పనికిరావన్నారు.
ఇల్లు అక్కడే ఉంది, మెట్లు అన్నే ఉన్నాయి,
ఇంటిపేరు మారిపోయింది.
"కాగితం వచ్చిందిలే ఆఫీసునించి," అంటుంది మోకాళ్ళ మీద కూర్చుంటూ,
"దాన్నీ ఎవరో పోస్టుమాను
మెట్లెక్కి తెచ్చే ఉంటాడు."

రెండు పేర్లకీ అర్థం ఒకటేనట.
నీళ్ళు తాగేవాడు.
తర్జుమా చేసిన గుమాస్తా ఎవడో గానీ
పని శ్రద్ధగానే చేశాడు.

సీసా వంచి రాయి కడిగింది.
వెలిసిన అక్షరాల్లోకి నలుపు దింపింది,
పై పేరుకీ కింది పేరుకీ అదే కుంచె,
ఒక్క జె దగ్గర మాత్రం చెయ్యి ఆగింది,
గాలి వస్తోందేమో అని చూసినట్టు.
తర్వాత అదీ పూర్తి చేసింది.

కింద రేవులో ఏదో ఓడ కూత వేసింది.
ఒండీనా చేతులు తుడుచుకుని
సీసాలో మిగిలిన నీళ్ళు
గటగటా తాగేసింది.